యోబు నుంచి పరమగీతం దాకా: రెండువేల ఏళ్ల చదువు

పదో శతాబ్దంలో గలిలయ సరస్సు ఒడ్డున తిబెరియ పట్టణంలో హీబ్రూ లేఖనాలకు ప్రతులు సిద్ధం చేసిన పండితులు ఒక భేదం పాటించారు. ఇరవై ఒక్క గ్రంథాలకు ఒక రకం స్వరచిహ్నాలు పెట్టారు. కీర్తనలు, సామెతలు, యోబు అనే మూడింటికి మాత్రం వేరే పద్ధతి వాడారు. యోబు గ్రంథంలో ఈ జాగ్రత్త ఇంకా సూక్ష్మంగా కనిపిస్తుంది. మొదటి రెండు అధ్యాయాల కథకూ, ముగింపు కథకూ మామూలు చిహ్నాలే. మూడో అధ్యాయంలో యోబు నోరు విప్పి తాను పుట్టిన రోజును శపించడం మొదలుపెట్టగానే చిహ్నాల పద్ధతి మారిపోతుంది. వచనం ఎక్కడ ఆగిందో, పద్యం ఎక్కడ మొదలైందో ఆ లేఖకులకు స్పష్టంగా తెలుసు.

అయితే ఆ పద్యం ఏ నియమం మీద నడుస్తుందో వాళ్లు రాసిపెట్టలేదు. ఆ ప్రశ్నకు లోకమంతా ఒప్పుకునే సమాధానం దొరకడానికి మరో ఎనిమిది వందల ఏళ్లు పట్టింది. ఈలోగా ఈ గ్రంథాలను ధర్మశాస్త్రంగా చదివారు, ప్రవచనంగా చదివారు, గూఢార్థాల గనిగా చదివారు. కవిత్వంగా చదవడం మాత్రం ఆలస్యమైంది. కీర్తనలు, సామెతలు, యోబు, ప్రసంగి, పరమగీతం అనే ఈ ఐదు గ్రంథాల అధ్యయన చరిత్రను ఒక్కసారి వెనుదిరిగి చూస్తే కనిపించేది, పోయిన ఆ కవిత్వాన్ని తిరిగి సంపాదించుకోవడానికి జరిగిన సుదీర్ఘ ప్రయత్నమే.

తొలి తప్పటడుగు పొరుగువారి ముందు గౌరవం కోసం పడింది. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ గ్రీకు పాఠకులకు తన జాతి గొప్పతనం చెప్పాలనుకున్నాడు. మోషే పాట ఫలానా గ్రీకు ఛందస్సులో ఉందనీ, దావీదు గీతాలు ఫలానా ఫలానా వృత్తాల్లో ఉన్నాయనీ రాశాడు. అవేవీ హీబ్రూలో లేవు. అయినా ఆ మాట శతాబ్దాల తరబడి నిలిచిపోయింది. లాటిన్ బైబిలును తీర్చిదిద్దిన జెరోము కూడా యోబు సంభాషణలన్నీ షట్పాద వృత్తంలో ఉన్నాయన్నాడు.

జెరోము మీద నాకు అపారమైన గౌరవం. నాలుగో శతాబ్దం చివర బేత్లెహేములో కూర్చుని, క్రైస్తవ లోకమంతా గ్రీకు అనువాదంతో తృప్తిపడుతున్న కాలంలో, మూలభాష నేర్చుకుని తీరాలని పట్టుబట్టిన మనిషి ఆయన. యోబు కోసం లుద్ద పట్టణం నుంచి ఒక యూదు గురువును పెద్ద మొత్తం ఇచ్చి పిలిపించుకున్నాడు. ఆ గ్రంథం పాముచేప లాంటిదనీ, గట్టిగా పట్టుకునే కొద్దీ జారిపోతుందనీ పీఠికలో వాపోయాడు. ఆయనకు ముందు గ్రీకు అనువాదకులు ఆ కష్టాన్ని మరో రకంగా దాటారు. గ్రీకు యోబు హీబ్రూ మూలం కంటే దాదాపు ఆరో వంతు చిన్నది. మూడో శతాబ్దంలో క్రైస్తవ పండితుడు ఓరిగెను ఆ ఖాళీలను వేరే గ్రీకు అనువాదం నుంచి తెచ్చి పూరించి, చేర్చిన పంక్తుల పక్కన నక్షత్రం గుర్తులు పెట్టాడు. పాఠ పరిష్కరణ అనే విద్యకు అంత నిజాయితీ గల ఆరంభం మరొకటి నాకు తెలియదు. జెరోము కీర్తనలను హీబ్రూ నుంచి కొత్తగా అనువదించాడు కూడా. కానీ గ్రీకు మీద ఆధారపడి ఆయన అంతకుముందు సరిచేసిన పాఠం జనం నోళ్లలో అప్పటికే నలిగిపోయింది. పశ్చిమ సంఘం పాతదాన్నే పాడుకుంటూ పోయింది.

యూదు పండితుల మధ్య వాదం మరోలా సాగింది. ప్రసంగి పవిత్ర గ్రంథమా కాదా అని హిల్లేలు, షమ్మాయి వర్గాలు తగువు పడ్డాయి. పరమగీతం మీదా అనుమానాలు లేచాయి. రబ్బీ అకీవ అడ్డం తిరిగాడు. లేఖనాలన్నీ పరిశుద్ధమైతే ఈ గీతం పరిశుద్ధాల్లోకెల్లా పరిశుద్ధమని తీర్పు చెప్పాడు. అదే అకీవ మరోచోట, విందుశాలల్లో ఈ గీతాన్ని ఊగుతూ పాడేవారికి పరలోకంలో పాలు లేదని హెచ్చరించాడు. ఆ హెచ్చరికలోనే మనకు కావలసిన సాక్ష్యం ఉంది. రెండో శతాబ్దం తొలినాళ్లలో కూడా జనం ఈ గ్రంథాన్ని ప్రేమపాటలుగానే పాడుకుంటున్నారన్నమాట. యోబు గురించి ఒక రబ్బీ అయితే, అలాంటి మనిషి ఎన్నడూ లేడు, అది ఒక ఉపమానమని తేల్చి చెప్పాడు. రబ్బీల చర్చల సంకలనమైన తల్ముదు ఆ మాటను దాచకుండా నమోదు చేసింది.

మధ్యయుగాల క్రైస్తవ వ్యాఖ్యానం ఈ గ్రంథాలను ఎంత ప్రేమించిందో అంత కప్పేసింది. ఆరో శతాబ్దంలో పోపు గ్రెగొరీ యోబు మీద ముప్పై ఐదు భాగాల నైతిక వ్యాఖ్యానం రాశాడు. పన్నెండో శతాబ్దంలో క్లైర్వో మఠాధిపతి బెర్నార్డు పరమగీతం మీద 86 ప్రసంగాలు చేసి, మూడో అధ్యాయం మొదట్లోనే కన్నుమూశాడు. ఆ ప్రసంగాల్లో ఆత్మకూ దేవునికీ మధ్య ప్రేమను గురించి అద్భుతమైన మాటలున్నాయి. ద్రాక్షతోటలో ఎండకు నల్లబడి, రాత్రి వీధుల్లో ప్రియుడి కోసం తిరిగిన ఆ పడుచుపిల్ల మాత్రం వాటిలో కనిపించదు.

ఆ కాలంలో కవిత్వాన్ని కవిత్వంగా చూసినవారు అరబ్బీ లోకంలో పెరిగిన యూదులు. ఈజిప్టులో పుట్టి బాబిలోనియాలోని సూరా విద్యాపీఠానికి అధిపతి అయిన సాదియా గావోన్ యోబు, సామెతలు, కీర్తనలను అరబ్బీలోకి అనువదించి వ్యాఖ్య రాశాడు. గ్రనడాకు చెందిన కవి మోషే ఇబ్న్ ఎజ్రా అరబ్బీ అలంకారశాస్త్రం చేతబట్టుకుని, రూపకాలూ ఉత్ప్రేక్షలూ లేఖనాల్లోనే ఉన్నాయని ఉదాహరణలతో చూపాడు. తాను కవి కాబట్టే ఆయనకు అవి కనిపించాయి. పదహారో శతాబ్దంలో ఇటలీకి చెందిన అజర్యా దె రోస్సీ మరో అడుగు వేశాడు. హీబ్రూ పద్యంలో అక్షరాలను లెక్కపెట్టొద్దు, భావాలను లెక్కపెట్టండి అన్నాడు. పంక్తిలో ఎన్ని ముఖ్యమైన భావాలున్నాయో అదే దాని కొలత అన్నాడు.

ఆ విత్తనం ఆక్స్‌ఫర్డులో మొలిచింది. 1741లో అక్కడ కవిత్వాచార్యుడైన రాబర్ట్ లౌత్ హీబ్రూ పవిత్ర కవిత్వం మీద లాటిన్‌లో 34 ఉపన్యాసాలిచ్చాడు. అవి 1753లో అచ్చయ్యాయి. లౌత్ చెప్పిన సంగతి వింటే తేలికగా అనిపిస్తుంది. హీబ్రూ పద్యం రెండు సగాలుగా నడుస్తుంది. మొదటి సగం ఒక మాట అంటే రెండో సగం దాన్ని వేరే మాటల్లో మళ్లీ అంటుంది, లేదా దానికి ఎదురుగా నిలబడుతుంది, లేదా దాన్ని పూర్తి చేస్తుంది. నీతిమంతుడికి ఒక మార్గం అని మొదటి సగం చెబితే, దుష్టుడికి మరో మార్గం అని రెండోది జవాబిస్తుంది. దీనికి ఆయన సమాంతరత అని పేరు పెట్టాడు. 1778లో యెషయా గ్రంథాన్ని అనువదిస్తూ దాని పీఠికలో ఈ సూత్రాన్ని మరింత విడమరిచాడు. ప్రవక్తలు కూడా కవులేనని దానితో తేలిపోయింది. యెషయా, ఆమోసు, మీకాల పంక్తులను పద్యంగా విడగొట్టి అచ్చువేయడం అక్కడి నుంచే బలపడింది.

ఈ సూత్రం వల్ల ఒక మేలు జరిగింది. అది అందరూ గమనించేదే, అయినా చెప్పుకోవాలి. ఛందస్సు మీదో ప్రాస మీదో ఆధారపడిన కవిత్వం మరో భాషలోకి వెళ్లేటప్పుడు సగం చచ్చిపోతుంది. భావాల జోడు మీద నిలిచిన కవిత్వం మాత్రం భాష మారినా నడక పోగొట్టుకోదు. కీర్తనలు ఇన్ని వందల భాషల్లో ఇంకా కదిలిస్తున్నాయంటే కారణం ఇదే. అలాగని హీబ్రూ కవులకు అక్షరాల ఆట రాదనుకోకూడదు. 119వ కీర్తనలో హీబ్రూ వర్ణమాలలోని 22 అక్షరాలకూ వరసగా ఎనిమిదేసి చరణాలున్నాయి, మొత్తం 176. సామెతల చివరన ఉన్న గుణవతి వర్ణన, విలాపవాక్యాల్లోని ఐదు శోకగీతాల్లో నాలుగు కూడా అకారాది క్రమంలో అల్లినవే. ఈ సొగసు చాలా అనువాదాల్లో మిగలలేదు.

లౌత్ తర్వాత జర్మనీలో హెర్డర్ 1782-83లో హీబ్రూ కవిత్వపు ఆత్మ గురించి సంభాషణల రూపంలో ఒక గ్రంథం రాసి, పండితుల చేతిలోంచి ఈ విషయాన్ని సాహిత్య రసికుల చేతికి అందించాడు. ఆ తర్వాతి శతాబ్దం మాత్రం ఎక్కువగా కాలనిర్ణయాల తగువుల్లో గడిచింది. 1899లో డూమ్ అనే పండితుడు కీర్తనల్లో చాలావాటిని మక్కబీయుల కాలానికి, అంటే క్రీస్తుపూర్వం రెండో శతాబ్దానికీ ఆ తర్వాతికీ లాగేశాడు. ఆ వాదాన్ని ఎడారి గుహలు ఎలా పడగొట్టాయో ముందుముందు చూద్దాం.

ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అనే ప్రశ్నను పక్కకు నెట్టి, ఏ సందర్భంలో పాడారు అని అడిగినవాడు హెర్మన్ గుంకెల్. స్తుతిగీతం, సమూహ విలాపం, ఒంటరి మనిషి విలాపం, కృతజ్ఞతాగీతం, రాజగీతం అంటూ ఆయన కీర్తనలను వాటి జాతిని బట్టి విడదీశాడు. 1926లో వ్యాఖ్యానం వచ్చింది. దాని ఉపోద్ఘాత గ్రంథాన్ని ఆయన మరణానంతరం శిష్యుడు బెగ్రిష్ 1933లో పూర్తిచేశాడు. మరో శిష్యుడు, నార్వేకు చెందిన మోవింకెల్, ఈ పాటలు దేవాలయపు ఉత్సవాల్లో పుట్టాయని, ప్రతి శరత్తులో దేవుని సింహాసనారోహణ పండుగ జరిగేదని ఊహించాడు. ఆ పండుగకు గట్టి రుజువు లేదు, ఆయన దాన్ని మరీ సాగదీశాడు. అయినా కీర్తన అంటే గదిలో ఒంటరిగా రాసుకున్న డైరీ కాదని, ఊరేగింపూ వాద్యాలూ బలిపీఠం నడుమ జనం పాడినదని గుర్తుచేసిన మేలు ఆయనదే. కీర్తనల శీర్షికల్లో రాగాల పేర్లు, వాద్యాల పేర్లు ఉన్నాయి. సెలా అనే సూచన ఒక్క కీర్తనల గ్రంథంలోనే 71 సార్లు వస్తుంది. ఆ సంగీతం మాత్రం పోయింది.

ఇంతలో పొరుగు దేశాల ఇసుక మాట్లాడటం మొదలుపెట్టింది. 1888లో బ్రిటిష్ మ్యూజియం కోసం బడ్జ్ ఈజిప్టులో కొన్న ఒక పపైరస్ చుట్టను 1923లో ప్రకటించారు. అందులో అమెనెమోపె అనే అధికారి తన కొడుక్కి చెప్పిన ముప్పై అధ్యాయాల నీతిబోధ ఉంది. మరుసటి ఏడాదే అడాల్ఫ్ ఎర్మన్ బెర్లిన్‌లో చూపించాడు: సామెతలు 22వ అధ్యాయం 17వ వచనం నుంచి సాగే బోధకూ దీనికీ దగ్గర పోలికలున్నాయి. పేదవాణ్ని దోచుకోవద్దు, పొలం గట్టు రాయి జరపొద్దు, కోపిష్ఠితో స్నేహం వద్దు. వరస వేరైనా విషయాలు అవే. కొందరు విశ్వాసులు దీన్ని దెబ్బగా తీసుకున్నారు. నాకు అలా తోచదు. సామెతల గ్రంథమే ఆగూరు మాటలు, లెమూయేలు తల్లి చెప్పిన మాటలు, హిజ్కియా మనుషులు ఎత్తి రాసినవి అంటూ తనలో చేరిన చేతులన్నిటినీ పేరుపెట్టి చెబుతుంది. రాజుల మొదటి గ్రంథం సొలొమోను జ్ఞానాన్ని తూర్పువారితోనూ ఐగుప్తువారితోనూ పోల్చి పొగుడుతుంది. పొరుగువారికి జ్ఞానం లేదని ఆ కవులు ఎక్కడా అనలేదు.

1928లో సిరియా తీరాన ఒక రైతు నాగలికి పాత సమాధి రాయి తగిలింది. మరుసటి ఏడాది పురాతత్వవేత్త షేఫర్ ఆధ్వర్యంలో తవ్వితే ఉగరిత్ నగరం బయటపడింది. మట్టిపలకల మీద ముప్పై అక్షరాల శరాకార లిపి. బావర్, దోర్మ్, విరోలో ఏడాది తిరగకముందే దాన్ని చదివేశారు. క్రీస్తుపూర్వం 1200 ప్రాంతానికే నాశనమైన ఆ ఊళ్లో, బయలు దేవుడి కథలు అదే సమాంతరతతో, చాలాచోట్ల అవే జంటపదాలతో కనిపించాయి. ఏడు తలల సముద్రసర్పం అక్కడా ఉంది, 74వ కీర్తనలో తలలు చితికిన లెవియాథాన్‌గా ఇక్కడా ఉంది. ఉరుముల గంభీరతతో సాగే 29వ కీర్తన మొదట బయలును స్తుతించిన కనాను గీతమై ఉండాలని 1935లో గిన్స్‌బర్గ్ ప్రతిపాదించాడు. తర్వాత డాహుడ్ 1966-70 మధ్య మూడు సంపుటాల్లో కీర్తనలన్నిటినీ ఉగరిత్ వెలుగులో తిరగరాసినంత పని చేశాడు. అందులో సగానికి పైగా నిలబడలేదు. కానీ హీబ్రూ కవులు శూన్యంలోంచి పాడలేదని, తమకు ముందే ముదిరిన ఒక కావ్యసంప్రదాయాన్ని అందిపుచ్చుకుని దాని దేవుణ్ని మార్చారని ఇక ఎవరూ కాదనలేకపోయారు.

1947 వింతైన ఏడాది. మృతసముద్రం ఒడ్డున కుమ్రాన్ గుహల్లో పశుల కాపరులకు దొరికిన తోలుచుట్టలు పండితుల చేతికి వచ్చిన ఆ ఏడాది చివర్లోనే, సిరియాలో జరిగిన అల్లర్లలో అలెప్పో ప్రతి దెబ్బతింది. సుమారు 930లో తిబెరియ పండితులు సిద్ధం చేసిన ఆ పుస్తకంలో ఇప్పుడు పరమగీతం మూడో అధ్యాయం తర్వాత ఏమీ లేదు. ప్రసంగి, విలాపవాక్యాలు మొత్తం పోయాయి. ఒక చేత్తో చరిత్ర ఇచ్చింది, మరో చేత్తో తీసుకుంది.

కుమ్రాన్‌లో అన్నిటికంటే ఎక్కువ ప్రతులు దొరికిన గ్రంథం కీర్తనలే, ముప్పైకి పైగా. 1956లో పదకొండో గుహలో దొరికిన పెద్ద చుట్టను 1961లో విప్పారు. జేమ్స్ సాండర్స్ 1965లో ప్రకటించాడు. అందులో కీర్తనల వరస మనకు తెలిసిన వరస కాదు. అంతవరకు గ్రీకు మొదలైన అనువాదాల్లోనే తెలిసిన 151వ కీర్తనకు హీబ్రూ రూపం అందులో ఉంది. 145వ కీర్తన అకారాది క్రమంలో సాగుతుంది, కానీ తిబెరియ పాఠంలో నూన్ అక్షరంతో మొదలవ్వాల్సిన చరణం లేదు. ఈ చుట్టలో ఉంది. ఇక మక్కబీయుల కాలంలో కీర్తనలు పుట్టాయన్న వాదం కూలిపోయింది. అప్పటికే అవి పాతబడి, ప్రతులై, గ్రంథమై ఉన్నాయి. అదే గుహలో యోబుకు అరామిక్ అనువాదం కూడా దొరికింది. గమలియేలు అనే రబ్బీ ఒకప్పుడు యోబు అరామిక్ అనువాదాన్ని దేవాలయపు కొండ మీద గోడ రాళ్ల కింద పూడ్చేయించాడని తల్ముదు కథ చెబుతుంది. పూడ్చినా పోని గ్రంథం యోబు.

యోబు దగ్గర కాస్త ఆగాలి. మన ప్రసంగ వేదికల మీద యోబు అంటే ఓర్పు. మొదటి రెండు అధ్యాయాలు చెప్పి, చివరి అధ్యాయంలో ఆస్తి రెట్టింపైన సంగతి చెప్పి ముగిస్తారు. మధ్యలో ముప్పై తొమ్మిది అధ్యాయాల కవిత్వం ఉంది. అందులో యోబు ఓర్చుకోడు. దేవుణ్ని న్యాయస్థానానికి పిలుస్తాడు. నీ పాపం వల్లే నీకీ గతి అని సాంత్వన పేరుతో గుచ్చిన స్నేహితులను తిప్పికొడతాడు. చివరికి దేవుడు కోపించింది ఆ స్నేహితుల మీదే, తన గురించి యోబులా సరిగా మాట్లాడలేదని. బాబిలోనియాలో కూడా నిర్దోషి బాధ గురించి పద్యాలున్నాయి, అవి ఇందుకు పూర్వికులే. కానీ ఇంత దూరం వాదించినవి లేవు. పన్నెండో శతాబ్దంలో మైమోనిదీసు ఒక్కొక్క స్నేహితుడి నోట ఒక్కొక్క తాత్త్విక వాదాన్ని చూశాడు. పెరూ పేటల్లో బీదల మధ్య బతికిన గుస్తావో గుతియెర్రెస్ 1986లో, అన్యాయంగా నలిగిపోతున్నవారి మధ్య నిలబడి దేవుని గురించి ఎలా మాట్లాడాలని యోబును అడిగాడు. 2003లో కెరొల్ న్యూసమ్ ఈ గ్రంథంలో ఏ ఒక్క గొంతూ మిగతావాటిని మింగేయదని, అవన్నీ పక్కపక్కనే నిలుస్తాయని చూపింది. జబ్బుపడ్డవాడి మంచం పక్కన నిలబడి నీలో ఏ పాపం ఉందో వెతుక్కో అనే మనుషులు ఈ మధ్యభాగాన్ని చదవలేదనే అనుకుంటాను. చదివి ఉంటే ఆ మాట నోట రాదు.

పరమగీతం కూడా మెల్లగా ఇల్లు చేరింది. ఈజిప్టు ప్రేమగీతాల్లో ప్రియురాలిని సోదరీ అని పిలుస్తారు, ఇక్కడా అంతే. 1985లో మైకేల్ ఫాక్స్ ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి వివరంగా చదివాడు. మనకు మరింత దగ్గరి సంగతి ఒకటుంది. యెరూషలేముకు చెందిన భాషావేత్త హయీం రబీన్ 1970లలో పరమగీతాన్ని తమిళ సంగం ప్రేమకవిత్వంతో పోల్చాడు. రెండింట్లోనూ ముందుగా మాట్లాడేది, తపించేది, వెతికేది స్త్రీ అన్నది ఆయన గమనించిన పోలిక. 1988లో అబ్రహాం మరియసెల్వం ఈ పోలికనే పూర్తి గ్రంథంగా విస్తరించాడు. దక్షిణ దేశపు ఓడల సరుకు ఆ తీరానికి వెళ్లింది నిజం, పాటలు వెళ్లాయనడానికి రుజువు చాలదు. అయినా శాతవాహన హాలుడి గాథాసప్తశతి చదివినవారికి ఆ పల్లెపడుచు గొంతు పరాయిదిగా అనిపించదు. ఆ రెండింటినీ కలిపి చదివే పని తెలుగువారు చేయదగ్గది.

1980లలో కవిత్వ చర్చ మళ్లీ వేడెక్కింది. 1981లో జేమ్స్ కూగెల్, లౌత్ వర్గీకరణ తప్పుదారి పట్టించిందన్నాడు. రెండో సగం మొదటిదాన్ని తిరిగి చెప్పదు, అంతేకాదు ఇంకా ఉంది అంటూ పైకి ఎక్కిస్తుందన్నాడు. 1985లో అడెల్ బెర్లిన్ సమాంతరతను భాషాశాస్త్రపు వెలుగులో పరిశీలించింది. అదే ఏడాది రాబర్ట్ ఆల్టర్ పంక్తి నుంచి పంక్తికి భావం ఎలా తీవ్రమవుతుందో చూపాడు, జెరాల్డ్ విల్సన్ ఐదు భాగాల కీర్తనల సంకలనమే ఒక ఆలోచనతో కూర్చినదన్నాడు. ఆల్టర్ హీబ్రూ బైబిలు మొత్తానికి తానొక్కడే చేసిన అనువాదం 2018లో పూర్తయింది. 2019లో విల్ కైన్స్ మరో గట్టి మాట అన్నాడు. జ్ఞానసాహిత్యం అనే విభాగమే పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ పండితుల కల్పన అని, ఆ పెట్టెలో వేసి యోబునూ ప్రసంగినీ మిగతా లేఖనాల నుంచి విడదీశామని. ఆ వాదంలో నాకు బలం కనిపిస్తుంది.

తెలుగులో ఈ కథ విశాఖపట్నంలో ఊపందుకుంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున వచ్చిన క్రాన్, దే గ్రాంజ్ అక్కడ అనువాదానికి పూనుకున్నారు. పందొమ్మిదో శతాబ్దంలోనే పురుషోత్తమ చౌదరి లాంటి కవులు కర్ణాటక రాగతాళాల్లో క్రైస్తవ కీర్తనలు కట్టి, పాట అనేది పాటగానే జనంలోకి వెళ్లాలని నిరూపించారు. కీర్తనల పోయిన రాగాల స్థానంలో తెలుగు రాగాలు వచ్చి కూర్చున్నాయి. పాడటంలో మనం ముందున్నాం. చదవడంలో మాత్రం ఒక్కొక్క వచనాన్ని విడదీసి, గోడకు తగిలించి, ప్రసంగానికి వాడుకునే అలవాటు వదల్లేదు.

కాబట్టి నా విన్నపం రెండు వైపులకు. వేదాంత కళాశాలల వారు హీబ్రూ వ్యాకరణంతో ఆపకుండా హీబ్రూ కావ్యశాస్త్రాన్ని కూడా పాఠ్యాంశంగా పెట్టాలి. పద్యం మీద పట్టున్న తెలుగు కవులు, ఏ మతానికి చెందినవారైనా, హీబ్రూ నేర్చుకుని యోబునూ పరమగీతాన్నీ మూలం నుంచి తెలుగు కవిత్వంగా తేవాలి. పాఠకులు అంతవరకు ఆగనక్కర్లేదు. ఇంట్లో ఉన్న బైబిలు తీసి, యోబు మూడో అధ్యాయం నుంచి నలభై రెండో అధ్యాయం ఆరో వచనం దాకా, మధ్యలో ఏదీ వదలకుండా, ఒక్క బిగిన పైకి చదవండి.